లొల్లి జరిగిన మూడోనాటికి అమ్మ పెదవి మీద పొక్కులు

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నాలుగు నెలలుగా హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ యానిమల్ హౌస్‌లో చిట్టెలుకలతో పని చేస్తున్నాను. మగ ఎలుకలు రాత్రిళ్లు కొట్టుకుంటున్నాయి. బాగా కాట్లు పడ్డ ఒకదాన్ని కోసి చూస్తే దాని ప్లీహం (స్ప్లీన్, కడుపులో ఎడమవైపు ఉండే అవయవం) మిగతావాటికంటే పెద్దగా కనిపించింది. దానికి మేము ఏ జబ్బూ ఎక్కించలేదు. ఆ ఎలుకను లెక్కలోంచి తీసెయ్యమన్నారు. మా ఇంట్లో నాన్నకూ పెద్దనాయనకూ బత్తాయి తోటల మధ్య ఉన్న ఉమ్మడి బోరు మీద రెండేళ్లుగా లొల్లి. అమ్మా పెద్దమ్మా మాట్లాడుకోవడం మానేశారు. రాత్రి మోటరు చప్పుడు ఆగిందంటే అమ్మ నిద్రలోంచి లేచి కూర్చుంటుంది. గొడవైన రెండు మూడు రోజులకు ఆమె పెదవి మీద పొక్కులు వస్తాయి. నెల రోజులుగా దగ్గు తగ్గట్లేదు. ఇమ్యూనిటీ పొడులు తెచ్చి తాగిస్తున్నాం. ఆ ఎలుకకు జరిగిందే అమ్మకూ జరుగుతోందా? నేనేం చేయాలి?
– ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: బిడ్డా, ఎలుకల సంగతి తర్వాత. ముందు అమ్మ దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే గళ్ల (కఫం) పరీక్ష చేయించాలి. సర్కారు దవాఖానాలో ఆ పరీక్షకు పైసా తీసుకోరు, టీబీ అని తేలితే మందులు కూడా ఊరికే ఇస్తారు. అదే పూట షుగర్ కూడా చూపించు. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ ‘నెల రోజులుగా’ అన్న మాటే. ఇంట్లో గొడవ ఉందని తెలిస్తే చాలు, వచ్చిన ప్రతి జబ్బునూ టెన్షన్ ఖాతాలో రాసేస్తాం. ఆ టెన్షన్ చాటున ఇంకేదో పెరుగుతుంటే ఎవరూ చూడరు. కొట్లాటలకూ ఒంట్లో జబ్బుకూ సంబంధం ఉందని గట్టిగా నమ్మే మనిషిని నేను. అందుకే ఈ మాట మొదట చెబుతున్నాను.

ఇప్పుడు నీ బోను దగ్గరికి వద్దాం. నువ్వు చూసిన ప్లీహం వింతేమీ కాదు. మన పల్లెల్లో పాతవాళ్లు మలేరియా జ్వరాలతో ప్లీహం ఉబ్బితే ‘కడుపులో బల్ల పెరిగింది’ అనేవాళ్లు. జ్వరం లేకుండా, ఏ క్రిమీ ఎక్కకుండా, కేవలం తోటి ఎలుక చేతిలో ఓడిపోవడం వల్ల కూడా ఆ బల్ల పెరుగుతుందని పాతికేళ్ల కిందే పట్టుకున్నారు. అమెరికాలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో జాన్ షెరిడాన్, డేవిడ్ ప్యాడ్జెట్, రోనిత్ అవిత్సుర్ వాళ్లు చేసిన పని అది. ఒకే బోనులో కలిసి బతుకుతున్న మగ చిట్టెలుకల మధ్యకు, బాగా కొట్లాడే గుణమున్న పరాయి మగ ఎలుకను వదులుతారు. చీకటి పడబోయే వేళ, రెండు గంటలసేపు. ఇలా వరుసగా ఆరు రోజులు. వచ్చింది పది నిమిషాల్లో మీద పడకపోతే దాన్ని తీసేసి ఇంకోదాన్ని పెడతారు. మొదటి రోజు ఇంటి ఎలుకలు తిరగబడతాయి. తర్వాత్తర్వాత అవి చేసే పని ఒకటే, వెనక కాళ్ల మీద లేచి ముందు కాళ్లు గాలిలోకి చాపి, పొట్ట చూపించి నిలబడటం. ఎలుకల భాషలో ‘నేను ఓడిపోయాను, వదిలెయ్’ అని దానర్థం. నీ బోనులోని ఎలుక అలా నిలబడటం నువ్వు చూసే ఉంటావు.

ఆరు రోజుల తర్వాత ఒంట్లో ఏముందో చూశారు. ఎముకల మజ్జలోంచి మోనోసైట్లు అనే తెల్లకణాలు గుంపులుగా బయలుదేరి ప్లీహంలోకి చేరాయి. అందుకే అది ఉబ్బింది. ఒంట్లో యుద్ధం రాబోతోందనుకుని ముందే పిలిపించిన సైన్యం అనుకో. ఇక్కడిదాకా ఒక రకంగా తెలివైన పనే. కాటు పడితే క్రిములు వస్తాయి, క్రిములొస్తే సైన్యం సిద్ధంగా ఉండాలి. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

మనలో కార్టిసాల్, ఎలుకల్లో కార్టికోస్టెరాన్. ఒత్తిడి వచ్చినప్పుడు అడ్రినల్ గ్రంథి వదిలే హార్మోన్ ఇది. పుస్తకాల్లో నువ్వు చదువుకున్నది ఇదే కదా, ఒత్తిడి పెరిగితే ఈ హార్మోన్ పెరుగుతుంది, అది రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది అని. 1936లో హాన్స్ సెలై అనే శాస్త్రవేత్త ఎలుకల్లో రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం చూసినప్పటి నుంచి మనం ఈ ఒక్క వాక్యం మీదే బండి నడుపుతున్నాం. అది తప్పు కాదు, సగమే. ఈ హార్మోన్ అసలు పని పెద్దమనిషి పని. వాపు పుట్టించే కణాలకు ‘ఇక చాలు, ఆపండి’ అని చెప్పడం. కొట్లాటలో ఓడిన ఎలుకల ప్లీహం కణాలను గాజుపళ్లెంలో పెట్టి ఆ హార్మోన్ పోసి చూస్తే, మామూలు ఎలుకల కణాలు అణిగాయి, ఓడిన ఎలుకల కణాలు అణగలేదు. చెవిటివైపోయాయి. పెద్దమనిషి గొంతు చించుకుని ఆపమంటున్నా ఎవరూ వినని పంచాయితీ ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. 2001లో అవిత్సుర్ బృందం రాసినదాని ప్రకారం ఈ చెవుడు కాట్లు ఎక్కువ పడి, ఎక్కువగా లొంగిపోయిన ఎలుకల్లోనే వచ్చింది. అదే ఏడాది అదే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇంకో పరిశోధనలో, ఇలా ఓడిన ఎలుకలకు బ్యాక్టీరియా విషాన్ని ఎక్కిస్తే మామూలువాటికంటే ఎక్కువగా చచ్చిపోయాయి. వాటి ఒంట్లో శక్తి తక్కువై కాదు, వాపు ఆగక.

ఇంకో సంగతి చూడు. అదే ఎలుకను గాలి ఆడే ఇరుకు గొట్టంలో కదలకుండా రాత్రంతా ఉంచినా కార్టికోస్టెరాన్ బాగా పెరుగుతుంది. కానీ కణాలకు ఈ చెవుడు రాదు. హార్మోన్ లెక్క చూస్తే రెండూ ఒత్తిడే. ఒళ్లు మాత్రం రెండింటినీ ఒకటిగా చూడదు. గొట్టంలో బిగించినప్పుడు కాటు లేదు, ఎదురుగా శత్రువు లేదు. సొంత ఇంట్లోకి రోజూ ఒకడొచ్చి కొట్టిపోవడం వేరే సంగతి.

ఇది తెలిస్తే ఇమ్యూనిటీ పొడి ఎందుకు అక్కర్లేదో నీకే అర్థమవుతుంది. ఏం పెంచాలని ఆ పొడి? సైన్యం ఇప్పటికే ఎక్కువై కూర్చుంది. వాటిలో తిప్పతీగ ఉంటే ఇవాళే ఆపించు. దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఆ డబ్బుతో గుడ్లు కొను.

అమ్మ పెదవి పొక్కుల గురించి రాసినప్పుడు నాకు గుర్తొచ్చింది వేరే ప్రయోగం. మన ఊళ్లలో వాటిని చూసి రాత్రి ఏదో పురుగు పాకిందంటారు. పాకిందేమీ లేదు. హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం వైరస్ అది. ప్రపంచంలో 50 ఏళ్ల లోపువాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఉంది. చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది, ముఖం నరాల ముడిలో దాక్కుని ఏళ్ల తరబడి నిద్రపోతుంది. దాన్ని చిట్టెలుకల్లో మానసిక ఒత్తిడితో మేల్కొలపాలని చాలామంది ప్రయత్నించారు, నమ్మకంగా ఎవరి వల్లా కాలేదు. 1998లో ప్యాడ్జెట్, షెరిడాన్ బృందం చేసి చూపించింది. గొట్టంలో బిగించినప్పుడు హార్మోన్ పెరిగింది కానీ వైరస్ లేవలేదు. బోనులో కుదురుకున్న పెద్దా చిన్నా వరసను చెడగొట్టి, ఎవరు ఎవరికంటే పెద్దో మళ్లీ తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చారు. కొట్లాటలు పెరిగాయి. వైరస్ దాచుకున్న ఎలుకల్లో 40 శాతానికి పైగా వాటిలో అది నిద్ర లేచింది.

అందులో నన్ను చాలా రోజులు ఆలోచింపజేసిన విషయం, వైరస్ ఎక్కువగా లేచింది ఓడిన ఎలుకల్లో కాదు, పెత్తనం చేసే ఎలుకల్లో. ప్లీహం ప్రయోగంలో దెబ్బ ఓడినవాటికి. ఇక్కడ దెబ్బ గెలిచేవాటికి. వరస తేలని చోట పై మెట్టు కాపాడుకోవడం కూడా ఒంటికి బరువే.

అమ్మ కొట్లాటలో లేదు కదా, నాన్నా పెద్దనాయనా కదా అరుచుకునేది అంటావేమో. వేరే ప్రయోగాల్లో, పక్క ఎలుక దెబ్బలు తినడాన్ని కళ్లారా చూస్తూ కూర్చోవాల్సి వచ్చిన ఎలుకల్లో కూడా ఒత్తిడి హార్మోన్ పెరిగింది, అవి కూడా తోటి ఎలుకల దగ్గరికి పోవడం తగ్గించాయి. కాటు ఒక్కటి కూడా పడకుండా.

మనుషుల్లో దీన్ని నేరుగా పరీక్షించినవాడు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్. ఆరోగ్యంగా ఉన్న 276 మందికి వాళ్ల ఇష్టంతోనే ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, వేరుగా ఉంచి చూశాడు. 1998లో అచ్చయిన ఫలితం ఇది. ఆ మధ్య ఒకసారి పెద్ద టెన్షన్ పడినంత మాత్రాన జలుబు ఎక్కువ రాలేదు. ఇంటివాళ్లతోనో స్నేహితులతోనో నెలకు పైగా నడుస్తున్న గొడవ, లేదా నెలకు పైగా పని లేకపోవడం, ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లు ఎక్కువగా జలుబు పడ్డారు. 2012లో ఆయన బృందమే, దీర్ఘంగా ఒత్తిడిలో ఉన్న మనుషుల రక్తకణాలు కూడా కార్టిసాల్ మాట సరిగ్గా వినట్లేదని చూపించింది. ఎలుకల ప్లీహంలో కనిపించిన చెవుడే. కాబట్టి నువ్వడిగిన దానికి నా జవాబు, అవును, పోలిక ఉంది. కానీ అమ్మ ఎలుక కాదు. తలుపులేని డబ్బాలో రోజూ రెండు గంటలు కాట్లు తినే ప్రాణికీ, చేను, పండగ, చుట్టాలు, బిడ్డ ఉన్న మనిషికీ చాలా తేడా ఉంది. ఆ తేడాల్లోనే మనం చేయగలిగింది ఉంది.

మీ ఇంట్లో ఒంటిని తినేది లొల్లి జరిగిన ఆ గంట కాదనుకుంటున్నాను. మళ్లీ ఎప్పుడు జరుగుతుందో తెలియని మిగతా ఇరవై మూడు గంటలు. మోటరు చప్పుడు ఆగితే అమ్మ లేచి కూర్చుంటుందని రాశావు చూడు, నేను అక్కడ చదవడం ఆపాను. కరెంటు పోయిందా, పెద్దనాయన వచ్చి స్టార్టర్ ఆపాడా, నాన్న టార్చి పట్టుకుని బయలుదేరతాడా. ఇన్ని ప్రశ్నలు ఆమె చీకట్లో మంచం మీద కూర్చుని వేసుకుంటోంది. మనాది పట్టుకుందని మనవాళ్లు అనేది దీన్నే. ‘టెన్షన్ పెట్టుకోకు’ అని చెబితే పోయేది కాదు. ఆ మాట దయచేసి ఆమెతో ఇంట్లో ఎవరూ అనకండి.

నీళ్ల వంతు కాగితం మీదికి రావాలి. సోమ, బుధ, శుక్రవారాలు మీకు, మంగళ, గురు, శనివారాలు వాళ్లకు, ఆదివారం వారం విడిచి వారం. ఎన్ని గంటలకు స్టార్టర్ ఎవరు వేస్తారు, మోటరు కాలితే రిపేరు ఖర్చు ఎలా పంచుకుంటారు, ఎండాకాలం నీళ్లు తగ్గితే ముందు ఎవరి చెట్లు. ఇవన్నీ రాసి ఇద్దరి సంతకాలతో స్టార్టర్ డబ్బాలో అతికించండి. ఎండలు ముదిరాక బత్తాయి చెట్టుకు నీళ్ల అవసరం ఎక్కువవుతుంది, అప్పుడు ఎవరికీ మాట వినే ఓపిక ఉండదు, అంతకుముందే చేయండి. పంపకంలో నాన్నకు ఒక పూట తక్కువ వచ్చినా ఫరవాలేదు, ఎప్పుడొస్తుందో తెలియడం ముఖ్యం. అణిగి ఉండమని చెప్పడం లేదు బిడ్డా. అణిగి ఉన్న ఎలుక ప్లీహం నువ్వే చూశావు. ఊళ్లో పెద్దల వల్ల కాకపోతే నల్గొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచితంగా సాయం చేయాలి. అమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు.

అమ్మకూ పెద్దమ్మకూ మళ్లీ మాట కలపడం ఇంకా ముఖ్యం అనిపిస్తోంది నాకు. కోహెన్ ఆ 276 మంది మీదే ఇంకో లెక్క తీశాడు. ఎన్ని రకాల మనుషులతో మాటలూ రాకపోకలూ ఉన్నాయో చూస్తే, ఎక్కువ రకాల బంధాలున్నవాళ్లకు జలుబు తక్కువగా వచ్చింది. ఒకే వాకిట్లో ఇరవై ఏళ్లు కలిసి పిండివంటలు చేసుకున్న యారాలితో మాట పోవడం చిన్న నష్టం కాదు. బోరు మగవాళ్లది, ఆ మౌనం మాత్రం ఆడవాళ్ల మీద పడింది. నువ్వు ఈసారి ఊరికి పోయినప్పుడు ముందు పెద్దమ్మ ఇంటికే పో. టీ తాగిరా. అమ్మను కూడా నాలుగు రోజులు పుట్టింటికో, నీ దగ్గరికో తీసుకుపో. మోటరు చప్పుడు వినపడని చోట ఆమె నిద్రపోవాలి. ఒకటి గుర్తుంచుకో, కొట్లాటల తర్వాత 24 రోజులు నెమ్మదిగా ఉండి మామూలైపోయినట్టు కనిపించిన ఎలుకల్లో, ఒక్కసారి పరాయి ఎలుకను మళ్లీ వదిలితే, ప్లీహంలో దాక్కున్న కణాలు బయలుదేరి మెదడు దాకా చేరాయి, పాత భయం తిరిగొచ్చింది. అమ్మ నాలుగు రోజులకు తేరుకుని, ఇంటికొచ్చాక ఒక్క కేకకు మళ్లీ పడిపోతే, ఆమె మనసు గట్టిది కాదని అనుకోకండి. ఒళ్లు మర్చిపోవడానికి అంత టైం పడుతుంది.

పొక్కులకు అసైక్లోవిర్ అనే మందు ఉంది. పెదవి చురుక్కుమన్న మొదటి రోజే వాడితే పనిచేస్తుంది, పండి పగిలాక పెద్దగా లాభం లేదు. డాక్టర్‌ని అడిగి దగ్గర ఉంచుకోండి. అప్పుడు టవలూ గ్లాసూ వేరుగా పెట్టాలి, పసిపిల్లలను ముద్దు పెట్టుకోకూడదు. కంటి దగ్గర వస్తే మాత్రం ఆ రోజే కంటి దవాఖానాకు పోవాలి.

నీ బోను సంగతి. నేను ఎం.ఫిల్. చేసిన రోజుల్లో లెక్కకు తక్కువ పడ్డాయని రెండు బోనుల మగ ఎలుకలను ఒకదాంట్లో వేశాను. పొద్దున ట్యూబ్‌లైట్ వేసేసరికి ఒకటి నీళ్ల సీసా ముక్కుకు ముందు కాళ్లతో వేలాడుతోంది, కిందికి దిగడానికి భయపడి. నడుం వెనక, తోక మొదట్లో వెంట్రుకలు ఊడి మాంసం కనిపిస్తోంది. ముఖం మీద ఒక్క గాటు లేదు. పారిపోతుంటే వెనక నుంచి కొరికిన గాట్లు అవి. నేను చేసిన ఆ పని నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. నువ్వు చేయకు. ఒకే ఈతలో పుట్టిన మగవాటిని పాలు మాన్పించినప్పటి నుంచీ కలిపి ఉంచు, మూడేసి ఉంటే మంచిది, పెద్దయ్యాక కొత్తదాన్ని కలపకు. బోను కడిగినప్పుడు అవి అల్లుకున్న గూటి పీచును కొత్త బోనులోకి మార్చు, ఆ వాసన వాటిని నెమ్మదిగా ఉంచుతుంది. మూత్రం తడిసిన ఊక మాత్రం మార్చొద్దు, దాంతో కొట్లాటలు పెరుగుతాయి. దాక్కోవడానికి డబ్బా పెడితే రెండు వైపులా దారి ఉన్నది పెట్టు. ఒకటే దారి ఉంటే పెత్తనం చేసేది దాని ముందు కూర్చుంటుంది. కాట్లు పడ్డవాటిని కాకుండా, ఒక్క కాటూ లేనిది ఏదో చూడు. చాలాసార్లు కొరికేది అదే. వేరు చేయాల్సింది దాన్ని. సంస్థ పశువైద్యుడికి చెప్పు.

ఆ ఎలుకను లెక్కలోంచి తీసెయ్యమన్నారని రాశావు. తీసెయ్, కానీ నీ నోట్‌బుక్‌లో తేదీ, బోను నంబరు, కాట్లు ఎక్కడెక్కడ, ప్లీహం బరువు ఎంత, ఎందుకు తీసేశావు, అన్నీ రాసి తీసెయ్. థీసిస్‌లో కూడా ఒక వాక్యం ఉండాలి. అదే బోనులో కాట్లు పడని మిగతావాటి ప్లీహాలు కూడా మామూలుగా ఉన్నాయో లేదో తూచి చూసుకో. అవి కూడా ఆ గొడవలోనే బతికాయి.

ఇంకొకటి. ఈ సమాధానం నాన్నకు చదివి వినిపించేటప్పుడు పెత్తనం చేసే ఎలుకల ముక్క దాటెయ్యకు. పెద్దనాయనకు బీపీ, షుగర్ ఎప్పుడు చూపించుకున్నాడో కూడా పెద్దమ్మను అడుగు. అమ్మను గళ్ల పరీక్షకు తీసుకుపోయే రోజున ఆయన్ని కూడా వెంట రమ్మను.